జానెడు తక్కువ

మే 4

క్లబ్బు తలుపుకు కాగితం అంటించి వెళ్ళారు. ఊరి ఆఫీసు గుమాస్తా తనే వచ్చాడట, జిగురు డబ్బా కూడా తనే తెచ్చుకున్నాడట. ఆడేవాళ్ళు లేని మైదానాన్ని ఖాళీగా ఉంచడం కుదరదని, అక్కడ ఎరువుల గోదాము కడతారని రాసి ఉంది. రిజిస్టరు చేసిన ఆటల క్లబ్బు ఒకటి ఉండి, ఊళ్ళో కాపురం ఉంటున్న సభ్యులు కనీసం పన్నెండు మంది సంతకాలు పెడితే మైదానం జోలికి రారు. గడువు ఈ నెలాఖరు.

మా పై వీధి క్లబ్బుకు టైలరు అధ్యక్షుడు. కళ్ళజోడు సర్దుకుని మమ్మల్ని లెక్కపెట్టాడు. ఏడుగురం. తనను వేసుకోవడం మరిచిపోయాడేమోనని మళ్ళీ లెక్కపెట్టాడు. అప్పుడూ ఏడుగురమే.

ఈ పుస్తకం సర్వే ఆఫీసులో పని మానేసిన రోజు తెచ్చుకున్నది. పొలాల కొలతలు రాసుకునే పుస్తకం. పన్నెండేళ్ళుగా పెట్టెలోనే ఉంది. ఇవాళ ఎందుకో బయటికి తీశాను.

మే 5

పొద్దున్నే వెళ్ళి క్లబ్బు గది ఊడ్చాను. బెంచీ ఒక కాలు ఇటుక మీద ఉంది. అద్దం పగిలిన బీరువా, మేకుకు వేలాడుతున్న ఈల, గోనెసంచిలో నెట్. అన్నీ ఉన్నాయి. మనుషులు లేరంతే.

అప్పట్లో వార్తాపత్రిక ఒకటే వచ్చేది. కాగితాలు విడదీసి నాలుగు బల్లల మీద పెట్టేవాళ్ళం. ఆటల పేజీ అయిపోయినవాడు మిగతా వార్తలు కావాలంటే లేచి ఇంకో బల్ల దగ్గరికి వెళ్ళాల్సిందే. అలా రోజూ ప్రతివాడూ ప్రతివాడి పక్కనా కాసేపు కూర్చునేవాడు. కోపం ఉన్నవాళ్ళు కూడా తప్పించుకోవడానికి వీలుండేది కాదు.

గురువారం మధ్యాహ్నాలు గది ఆడవాళ్ళది. పాటల సంఘం. మా అక్క హార్మోనియం వాయించేది. అందులో ఒక మెట్టు పలికేది కాదు. ఆ స్వరం వచ్చిన చోట అందరూ గొంతు కాస్త పెంచి కప్పేసేవాళ్ళు. పాట తెలిసినవాళ్ళకు తప్ప ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. నాకు ఇప్పటికీ ఆ పాటలు అక్కడక్కడ గట్టిగానే గుర్తున్నాయి.

వాలీబాల్‌కు రెండు క్లబ్బులు. పై వీధి మాది, కింది వీధి వాళ్ళది. నెట్ మాది, బంతి వాళ్ళది. వాళ్ళు లేకుండా మేం ఆడలేం, మేం లేకుండా వాళ్ళు ఆడలేరు. ఎవరు ఆలోచించి పెట్టిన ఏర్పాటో తెలియదు. మంచి ఏర్పాటు. ఆదివారం ఓడినవాళ్ళు వచ్చే ఆదివారం పొద్దున బిందెలతో నీళ్ళు చల్లి దుమ్ము అణచాలి. గీతలు మాత్రం ఎప్పుడూ నేనే గీసేవాణ్ణి. సర్వేయరు వెనక ఇనుప గొలుసు మోసే ఉద్యోగం నాది, అందుకని ఊరందరికీ నా పేరు గొలుసు. గొలుసు కొలిచాడంటే మళ్ళీ కొలవక్కర్లేదని కింది వీధివాళ్ళు కూడా అనేవాళ్ళు. గీసినవాడికే తెలుస్తుందని గీత దగ్గర ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడే పని కూడా నాకే ఇచ్చారు.

కోర్టు కొలిచే తాడు బీరువా వెనక మేకుకు అలాగే ఉంది. దాన్ని కదపలేదు.

మే 7

టైలరు ఇంకోసారి లెక్కపెట్టాడు. ఏడుగురం.

మే 9

ఇవాళ టైలరు అసలు మాట బయటపెట్టాడు.

"కింది వీధిలో ఐదుగురున్నారు. ఏడూ ఐదూ పన్నెండు," అన్నాడు చొక్కా కొలత చెబుతున్నట్టు.

ఆ ఐదుగురూ పంపుల మెకానిక్ షెడ్డులో పేకాడుకుంటారు. మెకానిక్ ఎటంటే అటే. ఆ మెకానిక్ మా బావ, అక్క భర్త. ఆయనా నేనూ మాట్లాడుకుని ముప్పై ఒక్క ఏళ్ళయింది. అందరూ నా వైపు చూశారు. నేను పైకప్పు చూశాను. ఒక పెంకు జారి ఉంది.

ఎప్పుడూ ఎక్కడా రాయలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆఖరి సెట్. మాకు పద్నాలుగు, వాళ్ళకు పదమూడు. సర్వీసు మాది. బావను అప్పట్లో స్ప్రింగు అనేవాళ్ళు. ఆయన ఎగిరితే నెట్ ఆయన నడుం దగ్గర ఉన్నట్టు కనిపించేది. ఎగిరి కొట్టాడు. బంతి మా వైపు వెనక గీత దాటి పడింది. గీతకు జానెడు అవతల. సున్నం కొంచెం కూడా లేవలేదు. గుడ్డ పైకెత్తాను. మేం గెలిచాం.

బావ అరవలేదు. నెట్ కింది నుంచి దూరి వచ్చి, బంతి పడిన మచ్చ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. మచ్చకూ గీతకూ మధ్య అరచెయ్యి పరిచాడు. చాలాసేపు చూశాడు.

"ఇది లోపలి బంతి. ఇక్కడ వెయ్యిసార్లు కొట్టాను. గీతే ఇటు జరిగింది," అన్నాడు.

"గీతలకు కాళ్ళొచ్చాయా బావా?" అన్నాను నేను.

రెండు వీధులూ నవ్వాయి. వాళ్ళ క్లబ్బువాళ్ళు కూడా నవ్వారు. ఆయన లేచి, బంతి చంకలో పెట్టుకుని, మైదానం దాటి వెళ్ళిపోయాడు. అంతే, ఆ తరవాత బంతి వాళ్ళ దగ్గర, నెట్ మా దగ్గర. ఏడాదిపాటు ఎవరూ ఆడలేదు. తరవాత మేం ఒక బంతి తెప్పించుకున్నాం. కింది వీధివాళ్ళు మైదానానికి రావడం మానేశారు, వాళ్ళ ఆడవాళ్ళు గురువారాలు రావడం మానేశారు. పత్రిక ఒక బల్ల మీదే సరిపోయేది.

గీతలకు కాళ్ళొచ్చాయా అని పిల్లలు ఆయన వెనక చాలా ఏళ్ళు అన్నారు. నేను నేర్పలేదు.

బంతి బయట పడింది. నేను చూశాను.

మే 12

అక్క వచ్చింది. నెలకోసారి వస్తుంది, ఒక్కతే. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి వస్తూనే మా ఆవిడతో గిన్నెల గురించి ఏదో అంటుంది, వెళ్ళే ముందు నాతో రెండు మాటలు మాట్లాడుతుంది. బావ పేరు నేనెత్తను. అందరూ బాగేనా అంటాను. బాగే అంటుంది.

ఇవాళ అలా అనకముందే అంది, "ఒరేయ్, నువ్వొస్తావని చూస్తున్నార్రా."

"ఎవరు?"

"పంపులు. ఎవరో ఏంటి, మీ బావ. నోటీసు అంటించిన రోజు నుంచి షెడ్డు ఊడుస్తున్నారు. పాతికేళ్ళ గ్రీజు గీకిపారేశారు."

"నాకోసం ఊడుస్తాడా ఆయన?"

"నేనలా అన్నానా? ఊడుస్తున్నారన్నాను."

వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగింది. "హార్మోనియం ఇంకా ఉందా?"

"ఉంది. ఎలుకలు లోపలంతా కొరికేశాయి."

"ఆ పలకని మెట్టు?"

"అదొక్కటే బాగుంది."

అక్క నవ్వింది. గొడుగు మరిచిపోయి వెళ్ళింది.

మే 14

వెళ్ళాను. గొడుగు ఇచ్చి రావడానికి.

షెడ్డు నిజంగానే శుభ్రంగా ఉంది. బావ ఎత్తు స్టూలు మీద కూర్చుని పంపు విప్పుతున్నాడు. మోకాళ్ళు వంగవట, అందుకని పనంతా బల్ల మీదే. తల తెల్లబడింది. చేతులు మాత్రం అవే.

"రండి గొలుసుగారూ," అన్నాడు తలెత్తకుండా. "ఏ పంపు పాడైంది?"

నన్ను ఆయన ఏనాడూ మీరు అనలేదు. పెళ్ళిచూపులకు వచ్చిన రోజే ఏరా అన్నాడు.

"పంపులు బాగానే ఉన్నాయి బావా. సంతకాల సంగతి మాట్లాడదామని."

"ఏ సంతకాలు?"

"తెలియనట్టు అడుగుతావేం?"

"ముప్పై ఒక్క ఏళ్ళు తెలియనట్టే ఉన్నాంగా. ఇంకో ఐదు నిమిషాలు ఉంటే మునిగిపోతామా?"

చెప్పాను. మైదానం, గోదాము, పన్నెండు. ఆయన బోల్టు బిగిస్తూ విన్నాడు. తరవాత రెంచి కింద పెట్టాడు.

"మీ క్లబ్బు మినిట్స్ పుస్తకం ఉందిగా. ఆ రోజు ఏం రాశారందులో?"

"బంతి బయట పడింది, పై వీధి గెలిచింది అని."

"ఎవరు రాశారు?"

"నేనే."

"దాని కిందే రాయండి. బంతి లోపల పడింది అని. సంతకం పెట్టండి. మా ఐదు సంతకాలూ ఆ పూటే పెడతాం."

"చూసింది చూడలేదని ఎలా రాస్తాను బావా?"

"రాయకండి. గోదాము మంచిదే. ఎరువులు తడవకుండా ఉంటాయి."

అక్క లోపలి నుంచి మంచినీళ్ళు తెచ్చింది. తాగి వచ్చేశాను. గొడుగు నా చేతిలోనే ఉందని సగం దారిలో చూసుకున్నాను.

మే 15

రాయను.

మే 16

బంతి బయట పడింది.

మే 18

టైలరు ఇద్దర్ని వెంటేసుకుని ఇంటికి వచ్చాడు.

"ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయింది? పాతికేళ్ళుగా ఊళ్ళో అందరికీ నడుం కొలత రెండంగుళాలు తగ్గించి చెబుతున్నాను. ఎవరికైనా ఏమైనా అయిందా?"

"అది బట్ట. ఇది కొలత."

"కొలత కాకపోతే బట్టెక్కడిదయ్యా?"

మిగతా ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. గొలుసు మోసినవాడు అబద్ధపు కొలత రాస్తే ముప్పై ఏళ్ళ ఉద్యోగం ఏం కావాలి, ఈ ఊళ్ళో ఎన్ని గట్లు నా మాట మీద నిలబడ్డాయి, అని అడిగాను. టైలరు తల గోక్కున్నాడు. నీతో కాదులే అని లేచాడు.

వాళ్ళు వెళ్ళాక మా ఆవిడ వరండాలో బట్టలు మడతపెడుతూ అంది, "ముప్పై ఒక్క ఏళ్ళయింది. ఏమండీ, ఆ బంతి ఇంకా కింద పడలేదా?"

లేచి చెప్పులు వెతుక్కున్నాను. ఆవిడ ఆగలేదు.

"మీ అక్క ఈ ఇంటికి వచ్చినప్పుడల్లా గంట దాటితే వీధిలోకి చూస్తుంది. తెలుసా మీకు?"

తెలుసు.

మే 21

రిజిస్టరు ఫారంలో కోర్టు కొలతలు రాయాలట. బడికి కొత్తగా వచ్చిన ఆటల టీచరమ్మ స్టీలు టేపు తీసుకుని మైదానానికి వచ్చింది. చిన్నమ్మాయి, మాట గట్టిది. టేపు ఒక కొస టైలరు చేతికిచ్చి, రెండో కొస తనే పట్టుకుంది. నేను సున్నం డబ్బాతో గట్టు మీద నిలబడ్డాను.

పాత గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. ఏళ్ళ తరబడి ఒకే చోట గీసిన సున్నం నేలలోకి దిగిపోయింది.

"సగం కోర్టు తొమ్మిది మీటర్లుండాలి. జానెడు తక్కువుంది," అంది.

"మళ్ళీ కొలువమ్మా," అన్నాడు టైలరు.

మళ్ళీ కొలిచింది. రెండో సగం కూడా కొలిచింది. అడ్డం కూడా కొలిచింది. "అన్ని వైపులా జానెడు తక్కువే. ఎవరండీ కొలిచింది?"

"మా గొలుసు," అన్నాడు టైలరు. "సర్వే ఆఫీసులో చేశాడు. ఆయన కొలిస్తే తిరుగుండదు. నీ టేపులోనే ఏదో ఉంది."

"ఇది స్టీలు టేపండీ."

"అయితే ఏంటి? ఎండకు సాగిందేమో."

ఇద్దరు ముగ్గురు అవునన్నారు. ఒకాయన టేపు వాసన కూడా చూశాడు. ఆ అమ్మాయి నన్ను చూసింది. నేనేమైనా అంటానని చూసింది. కొత్త టేపులు నమ్మలేం అన్నాను.

ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలేసింది.

మే 22

ఎండ. ఎక్కడికీ వెళ్ళలేదు.

మే 23

తాడు సంగతి రాస్తాను.

మామూలుగా కోర్టును సర్వే ఆఫీసు ఇనుప గొలుసుతో కొలిచేవాణ్ణి. ఆ ఆదివారం సర్వేయరు తాళాలు తీసుకుని ఊరెళ్ళాడు. ఇంట్లో నూలు తాడు ఉంది. గొలుసుతోనే సరిచూసి తొమ్మిది మీటర్లకు కోసి పెట్టుకున్నది. దాన్ని తెచ్చాను. ముందు తూర్పు సగం కొలిచాను. సరిగ్గా కొలిచాను. ఇంతలో నీళ్ళ బిందెలు వచ్చాయి. అంతకు ముందు వారం ఓడింది మేమే, అందుకని నేనూ రెండు బిందెలు మోశాను. తాడు నేల మీదే ఉంది. ఎవరో దాని మీద నీళ్ళు పోశారు. నేనే పోసి ఉండొచ్చు కూడా.

పిండి, దులిపి, పడమటి సగం కొలిచాను. నూలు తాడు తడిస్తే కుంచించుకుపోతుందని నాకు తెలుసు. ఆ మాట తెలియకుండా ఎవరూ గొలుసు పనిలో ఉండరు. కానీ గట్టిగా లాగాను. గట్టిగా లాగితే సరిపోతుంది.

బావ కొట్టిన బంతి పడమటి సగంలో పడింది.

మే 24

గట్టిగా లాగితే సరిపోదు.

పొద్దున క్లబ్బుకు వెళ్ళి, మేకు మీది తాడు తీసుకొచ్చి బాల్చీలో వేశాను. మా ఆవిడ చూసి, "దాన్ని ఉతుకుతున్నారా?" అంది. అంతకు ముందే పొడి తాడును వరండా స్తంభం నుంచి లాగి ఎక్కడికి వస్తుందో గోడ మీద బొగ్గుతో గీసుకుని ఉంచాను. తడిపాక లాగాను. ఎంత బలంగా లాగినా బొగ్గు గీతకు జానెడు ఇవతలే ఆగిపోయింది. మా ఆవిడ కూడా వచ్చి లాగింది. ఎందుకని అడగలేదు.

తాడు మధ్యలో ముడి ఉంది. దాని గురించి నిన్న రాయలేదు.

ఆట అయిన మరుసటి ఆదివారం గీతలు కొత్తగా దిద్దుదామని ఒక్కణ్ణే వెళ్ళాను. తాడు ఆరిపోయి ఉంది. పడమటి సగం కొలిస్తే నా గీత దాటి జానెడు అవతలికి వెళ్ళింది. బంతి పడిన మచ్చ ఇంకా అక్కడే ఉంది. తాడు కొస సరిగ్గా దాని మీదికి వచ్చింది.

కాసేపు అలా నిలబడ్డాను. తరవాత తాడు మధ్యలో ఒక ముడి వేశాను. ముడి జానెడు తాడు మింగేసింది. అప్పుడు కొలిస్తే నా గీత సరిపోయింది. తూర్పు సగం గీతను, పక్క గీతల్ని కాలితో చెరిపి, వాటిని కూడా ముడితాడుతోనే మళ్ళీ గీశాను. అప్పటి నుంచి ఈ ఊళ్ళో ఆడినవాళ్ళంతా జానెడు తక్కువ కోర్టులోనే ఆడారు. పక్క ఊళ్ళకు వెళ్ళినప్పుడు మావాళ్ళ బంతులు ఎప్పుడూ కాస్త పొట్టిగా పడేవి. అక్కడి కోర్టులు పెద్దవిరా అనుకునేవాళ్ళు.

ఆ రోజు బావ మైదానానికి వచ్చి ఉంటే చెప్పేసేవాణ్ణే. రాలేదు.

వచ్చాడు. గట్టు మీద నిలబడి కాసేపు చూసి వెళ్ళిపోయాడు. అప్పటికి ముడి వేసేశాను.

మే 26

తాడు చుట్టి సంచిలో వేసుకుని షెడ్డుకు వెళ్ళాను. అక్క తలుపు దగ్గర ఆగిపోయింది.

అంతా చెప్పాను. మొన్నా అటుమొన్నా రాసుకున్నాను కాబట్టి తడబడకుండా చెప్పగలిగాను. అయిపోయాక, "బాల్చీ తే," అన్నాడు బావ అక్కతో.

తాడు తీసుకుని ముందు ముడి విప్పబోయాడు. వేళ్ళతో రాలేదు. స్క్రూడ్రైవరు దూర్చి, కిరసనాయిలు పోసి, గుడ్డతో తుడిచి, చాలాసేపు పట్టినా చివరికి విప్పాడు. ముడి ఉన్న చోట తాడు లోపల తెల్లగా, కొత్తగా ఉంది. ఒక కొసను బల్లకున్న వైసులో బిగించి, పొడిగా కొలిచి, తడిపి కొలిచాడు. తేడా మీద జాన పెట్టి చూశాడు.

"ముప్పై ఒక్క ఏళ్ళు తాడుతో పోట్లాడానన్నమాట," అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. నవ్వబోయాను.

"తాడు తప్పు ఆ ఒక్క రోజుదే. ముడెవరిది?"

"నాది."

"అందరూ నవ్వారు ఆ రోజు. మావాళ్ళు నవ్వారు. మీ అక్క నవ్వింది."

"నేను నవ్వలేదు," అంది అక్క తలుపు దగ్గర నుంచి.

"నవ్వావు. తప్పులేదు. నాకే వచ్చింది నవ్వు, గీతలకు కాళ్ళంటే." పంపు మీద గుడ్డ కప్పాడు. "ఇంటికొచ్చి అనుకున్నాను, నా కళ్ళే చెడ్డాయేమో అని. ఆ తరవాత పక్క ఊళ్ళలో ఆడుతూ ఎగిరినప్పుడల్లా ఎక్కడ పడుతుందో నమ్మకముండేది కాదు. ఇంక ఎగరలేదు."

వైసులోంచి తాడు తీయబోయాను.

"వెళ్ళండి," అన్నాడు.

మే 27

మినిట్స్ పుస్తకంలో రాశాను. ఆనాటి పేజీలో కింద కొంచెం చోటుంది. చిన్న అక్షరాలతో రాస్తే పట్టింది. ఇక్కడ కూడా ఎక్కించుకుంటున్నాను:

"పై ఆటలో బంతి గీతకు జానెడు అవతల పడింది. గీత ఉండవలసిన చోటికి జానెడు ఇవతల ఉంది. కాబట్టి బంతి గీత మీద పడినట్టే. తడి తాడుతో ఆ గీత గీసింది నేను. వారం తరవాత సంగతి తెలిసి తాడుకు ముడి వేసింది కూడా నేనే. గీతలకు కాళ్ళు రాలేదు. నేను జరిపాను."

సంతకం పెట్టాను. సిరా ఆరేదాకా కూర్చున్నాను.

మే 28

క్లబ్బులో అందరి ముందూ చదివాను. టీచరమ్మ కూడా ఉంది. టైలరు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అయితే టేపు మంచిదేనన్నమాట," అన్నాడు.

పుస్తకం ఆయనే చంకలో పెట్టుకుని కింది వీధికి వెళ్ళాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ పుస్తకం వీధి దిగడం ఇదే మొదలు. నేను ఇంటికి వచ్చి పాదులకు నీళ్ళు పెట్టాను.

మే 29

టైలరు నుంచి కబురు లేదు. వాళ్ళు పుస్తకం ఉంచుకున్నారట. ఒకరి తరవాత ఒకరు చదువుతున్నారట.

దారిలో బండి తోలుకెళ్తున్న ఒకాయన నన్ను చూసి, "మా గట్టు సంగతేంటి గొలుసూ?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అది ఇనుప గొలుసుతో కొలిచింది అని చెప్పాను. తల ఊపాడు. ఇలాంటివి ఇంకా వినాలి.

మే 31

ఇవాళ ఆఖరు రోజు. పదింటికి అక్క వచ్చింది. గంట దాకా ఆగకుండా, కూర్చోకుండా, ఫారం నా చేతిలో పెట్టింది. ఐదు సంతకాలు. నాలుగు పైన, బావది అన్నిటికన్నా కింద. దాని పక్కనే పెన్సిలుతో: ఆ పాయింటు మళ్ళీ ఆడాలి.

"అదొక్కటేనా?" అన్నాను.

"అదొక్కటేనా అంటావేంట్రా? నాలుగు రోజులు అన్నం సయించలేదు ఆయనకు. నాతో కూడా మాట్లాడలేదు. పొద్దున లేచి మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నారు. అప్పుడు తెలిసింది నాకు."

టైలరు ఫారం తీసుకుని ఆఫీసుకు పరుగెత్తాడు. పరుగెత్తడమంటే ఆయన పరుగు. పన్నెండు. గుమాస్తా కూడా రెండుసార్లు లెక్కపెట్టాడట.

జూన్ 2, ఆదివారం

కోర్టును టీచరమ్మ స్టీలు టేపుతో కొలిచింది. సున్నం నేను పోశాను. కొత్త గీత పాత గీతకు జానెడు అవతల పడింది. పాతదాన్ని పారతో చెక్కేశాను. లోతుగా ఉంది, పూర్తిగా పోలేదు.

నెట్ మేం కట్టాం. బంతి వాళ్ళు తెచ్చారు. కొత్త బంతే, కానీ కింది వీధి నుంచే రావాలని ఎవరో పట్టుబట్టారు. వాళ్ళు ఐదుగురే. మాలో ఒకాయన అటువైపు వెళ్ళాడు. పెద్ద గొడవ అవుతుందనుకున్నాం, ఎవరూ గమనించినట్టే లేరు.

గీత దగ్గర ఎవరుండాలి అన్నప్పుడు రెండు వైపులా అక్క పేరే చెప్పారు. పుట్టింది పై వీధిలో, కాపురం కింది వీధిలో. నా పాత ఎర్రగుడ్డ ఇచ్చాను. కొస ఎలుకలు కొరికాయి. పడమటి సగంలో వెనక గీత దగ్గర నిలబడింది. ఈసారి నేను గీతకు ఇవతల, లోపల ఉన్నాను, ఆటగాడిగా.

పద్నాలుగు–పదమూడు అని టీచరమ్మ అరిచింది. ఆ అమ్మాయి అప్పటికి పుట్టను కూడా లేదు.

టైలరు సర్వీసు మొదటిది నెట్టులోకి పోయింది. అది లెక్క కాదని వాళ్ళే అన్నారు. రెండోది గట్టు మీద కూర్చున్నవాళ్ళ మీద పడింది. అదీ లెక్క కాదన్నారు. మూడోది దాటింది. వాళ్ళలో ఎవరో తీశారు, ఎవరో నెట్ పక్కన ఎత్తారు. బావ కదిలాడు. ఎగరలేదు. మునివేళ్ళ మీద లేచి, ఒక చేత్తో నెట్ స్తంభం పట్టుకుని, రెండో చేత్తో కొట్టాడు. స్తంభం పట్టుకోకూడదు. ఎవరూ అనలేదు.

బంతి మెల్లగా వచ్చింది. నా తల మీదుగా వచ్చింది. తీసేవాణ్ణే. వదిలేశాను. నా వెనక నేల మీద పడిన చప్పుడు వినిపించింది.

అందరం అక్క వైపు తిరిగాం. గుడ్డ కిందే ఉంది.

"నేను చూడలేదు," అంది.

"అదేంటమ్మా?" అన్నాడు టైలరు.

"ఆయన పడిపోతారేమోనని ఆయన్నే చూస్తున్నాను. బంతిని చూడలేదు. మళ్ళీ ఆడండి."

మామూలుగా చెప్పింది, గొడుగు మరిచిపోయానని చెప్పినట్టు. చెప్పి, కొంగుతో మొహం తుడుచుకుని, మళ్ళీ తన చోట నిలబడింది.

బావ నెట్ కింది నుంచి వంగలేక, స్తంభం చుట్టూ తిరిగి మా వైపు వచ్చాడు. బంతి తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. అచ్చం ఆ రోజులాగే. ఆయన కొత్త గీత దగ్గర ఆగి, కిందికి చూసి, కాలి బొటనవేలితో సున్నాన్ని కాస్త నొక్కి చూశాడు. తరవాత బంతి నా చేతుల్లో పెట్టాడు.

"సర్వీసు మీదేరా బామ్మర్దీ," అన్నాడు. "టైలరుకు ఇవ్వకు. పొద్దుపోతుంది."

సున్నం ఒక డబ్బా మిగిలింది. వచ్చే ఆదివారానికి సరిపోతుంది.